చేపల తొట్టి - సమతౌల్య సిద్ధాంతము : ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్రపు గదికిటికీ ప్రక్కన ఒక గాజుగోళము ఉండుట చాల చోట్ల కనబడును. అందులో గుప్పెడు గులకరాళ్ళు, రెండు హైడ్రిల్లా రెమ్మలు, ఒకటో రెండో చిన్న చేపలు. మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చుననియు, చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించుననియు, అందుచే ఆ గోళము ఒక చిన్న ప్రపంచమనియు విద్యార్థులకు చెప్పుదురు. పదునైదు దినములలో చేప చచ్చి నీటిపై తేలును. మరియొక చేపను తెచ్చి వేయుదురు. చేప మారును గాని పాఠము మారదు.

చేప చచ్చినప్పుడు ఎండ యెక్కువైనదనియో, పిల్లలు అతిగా మేత వేసిరనియో, ఆ జాతియే సుకుమారమైనదనియో కారణములు చెప్పుట పరిపాటి. ఇవి ఒక్కొక్కప్పుడు నిజములే కావచ్చును. కాని అసలు లోపము పాఠములోనే ఉన్నదేమో యని విచారించువారు తక్కువ. చేపల తొట్టిని గూర్చి ప్రచారములోనున్న "సమతౌల్య" సిద్ధాంతము ఎంతవరకు సత్యము, దానితోపాటు వ్యాపించిన కొలతలు ఎంతవరకు నమ్మదగినవి అను విషయమును పరీక్షించుట అవసరము.

ఈ పరీక్షకు జీబ్రా చేప తగినది. పొడవు నాలుగు సెంటీమీటర్లకు మించని ఈ నీలిచారల చేప మన దేశపుదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానదీ మత్స్యముల గ్రంథములో దీనిని మొదట వర్ణించెను. ఉత్తర, ఈశాన్య భారతమునందును, నేపాలు, బంగ్లాదేశములందును, మెల్లగా పారు వాగుల అంచులలోను, వరిమళ్ళలోను ఇది గుంపులుగా తిరుగును. 1981లో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జార్జి స్ట్రైసింగర్ ప్రకటించిన పరిశోధనల తరువాత ఇది ప్రయోగశాలలకు ముఖ్యమైన జంతువైనది. 2013లో వెలువడిన దీని జన్యుపటమును బట్టి, మానవ జన్యువులలో సుమారు 70 శాతమునకు ఈ చేపలో సాటి జన్యువులు కలవు. ఇంత ప్రసిద్ధికెక్కిన చేప మన గోళములలో పక్షము దినములు బ్రతుకకుండుట విచారింపదగిన విషయము.

వారింగ్టన్ ప్రయోగము

సమతౌల్య సిద్ధాంతమునకు మూలపురుషుడు రాబర్ట్ వారింగ్టన్ అను లండను రసాయన శాస్త్రవేత్త. 1850లో ఆయన అచ్చటి కెమికల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. సుమారు పండ్రెండు గాలనులు పట్టు గాజుపాత్రలో సగము వరకు నీరు పోసి, అడుగున ఇసుక, బురద, రాళ్ళు పరచి, వాలిస్నేరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను విడిచెను. కొంతకాలమునకు మొక్క ఆకులు కుళ్ళి, నీరు చెడి, గాజుకు పాచి పట్టసాగెను. అప్పుడాయన కొన్ని నత్తలను ప్రవేశపెట్టెను. నత్తలు కుళ్ళిన ఆకులను, పాచిని తినివేసి నీటిని మరల తేట పరచెను. జంతువులును వృక్షములును ఒకదానినొకటి పోషించుకొనుచు శాశ్వతముగా జీవింపగలవని ఆయన నిర్ణయించెను.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో మొట్టమొదటి బహిరంగ మత్స్యశాల వెలసెను. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గోస్ వ్రాసిన "ది అక్వేరియం" అను గ్రంథము వెలువడెను. ఆ కాలముననే ఇండ్లలో చేపలు పెంచు వేడుక ఇంగ్లండు అంతట వ్యాపించెను. వేడుకతోపాటు సిద్ధాంతమును వ్యాపించెను. కాని వ్యాపించునప్పుడు అది చిక్కిపోయెను. బురద పోయినది, నత్త పోయినది, విశాలమైన పాత్ర పోయినది. మొక్క, చేప, రెండు వాయువులు మాత్రము మిగిలినవి. నేడు మన తరగతిగదిలో వినబడునది ఈ చిక్కిన సిద్ధాంతమే.

వారింగ్టన్ చూచినది అబద్ధము కాదు. ఆయన చేపలు బ్రతికిన మాట నిజము. అవి ఎందుచేత బ్రతికినవి అనునదే ప్రశ్న. అంత నీటిలో రెండే చేపలు. సగము నింపిన పాత్ర గనుక నీటిపై గాలి తగులుట కవకాశము చాలినంత కలదు. బంగారు చేప చల్లని నీటి చేప. లండను నగరపు గదిలో నీరు చల్లగా నుండును. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరగును: 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీరు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును గ్రహింపగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములను మాత్రమే గ్రహింపగలదు. కోస్తా జిల్లాల వేసవిలో కిటికీ ప్రక్కనున్న గోళము లండను గది కాదు.

హైడ్రిల్లా మాటకూడ ఇచట చెప్పవలసియున్నది. గరాటు క్రింద హైడ్రిల్లాను ఉంచి బుడగలను లెక్కించు ప్రయోగమును విద్యార్థులు చేసియే యుందురు. ఎండలో బుడగలు వచ్చును; పాత్రను చీకటిలో నుంచిన ఆగిపోవును. ఆగిపోవుటయే కాదు, చీకటిలో ఆ మొక్కయు చేపవలెనే ప్రాణవాయువును పీల్చుకొనుచుండును. కనుక రాత్రియంతయు మొక్క చేపకు సాయపడునది కాదు, పోటీపడునది. చిన్న పాత్రలో తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా నుండును. ఒకే ప్రయోగములో సగమును మాత్రమే పాఠమునకు ఉపయోగించుట న్యాయము కాదు.

కనబడని భాగస్వామి

వాయువుల లెక్క సరిపోయినను చేప బ్రతుకునని చెప్పలేము. చేప శరీరము నుండి వెలువడు ముఖ్యమైన మలినము అమ్మోనియా. ఇది చాలవరకు మొప్పల ద్వారా నీటిలోనికి పోవును. మిగిలిన మేత కుళ్ళినప్పుడును అమ్మోనియాయే పుట్టును. నీటిలో ఇది రెండు రూపములలో నుండును. అందొకటి అంతగా హాని చేయదు. రెండవది చేప మొప్పలకు విషము. నీటి క్షారగుణము హెచ్చిన కొలది విషరూపము హెచ్చును. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 అయినచో మొత్తము అమ్మోనియాలో విషరూపము నూటికి ఒకటికంటె తక్కువ, పి.హెచ్. 8 అయినచో నూటికి అయిదు. బోరుబావుల నీరు క్షారగుణము కలిగిన ప్రాంతములలో ఈ భేదమే చేపకు ప్రాణావసానము కావచ్చును.

ఈ అమ్మోనియాను తొలగించునది ప్రధానముగా నత్తయు కాదు, గాలియు కాదు. మొక్క కొంత గ్రహించును. మిగిలినదానిని ఇసుకరేణువులకు, రాళ్ళకు, గాజునకు అంటుకొని బ్రతుకు సూక్ష్మజీవులు మార్చును. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరికొన్ని నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువు మోయుటకు పనికిరాకుండ చేయును. నైట్రేటు తక్కువ హాని కలది. అప్పుడప్పుడు కొంత నీరు మార్చిన చాలును.

ఈ విషయమున శాస్త్రచరిత్రలో ఒక చక్కని సందర్భము కలదు. వారింగ్టన్ తన వ్యాసమును సమర్పించునాటికి ఆయన కుమారుడు పదునొకండేండ్ల బాలుడు. ఆ బాలుని పేరును రాబర్ట్ వారింగ్టనే. పెద్దవాడై అతడు రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో పనిచేసెను. అమ్మోనియా నైట్రేటుగా మారుట సూక్ష్మజీవుల పనియని ష్లోసింగ్, మ్యూంట్స్ అను ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1877లో చూపగా, ఆ మార్పు రెండు దశలలో, వేర్వేరు జీవుల వలన జరుగునని చిన్న వారింగ్టన్ నిరూపించెను. ఆ జీవులను వేరుపరచుట మాత్రము ఆయనకు సాధ్యము కాలేదు. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రవేత్త వినొగ్రాడ్‌స్కీ దానిని సాధించెను. తండ్రి గాజుపాత్రను కాపాడిన భాగస్వామి ఎవరో కుమారుడు పొలములోని మట్టిలో కనుగొనెనన్నమాట. కాని చేపల తొట్టి పాఠము తండ్రి దగ్గరనే ఆగిపోయినది.

ఇటీవలి పరిశోధనలు ఈ కథను మరింత ముందునకు నడిపినవి. తొట్లలో రెండవ దశను నిర్వహించునవి చాలకాలము అనుకొనిన నైట్రోబాక్టర్లు కావనియు, నైట్రోస్పైరాలనియు 1990వ దశకములో తేలినది. మంచినీటి తొట్ల వడపోతలలో మొదటి దశను పెక్కు చోట్ల ఆర్కియా అను వేరొక తెగ జీవులు నిర్వహించుచున్నవని 2011లో ప్రకటింపబడినది. పేర్లు మారినను నీతి మారలేదు: ఈ జీవులు మెల్లగా పెరుగును. క్రొత్త తొట్టిలో ఇవి చాలినన్ని కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. గోళములో చేప రెండవ వారమున చచ్చుట ఆశ్చర్యము కాదు. అమ్మోనియా, నైట్రైటులు పెరుగు కాలమదియే.

గోళపు లెక్క

గోళాకారము చూచుటకు అందమైనది. కాని దాని క్షేత్రగణితము చేపకు విరోధము. 24 సెంటీమీటర్ల వ్యాసము గల గోళమును సగము నింపినచో నీరు 3.6 లీటర్లు, గాలి తగులు ఉపరితలము 452 చదరపు సెంటీమీటర్లు. నీరు ఎక్కువైన చేపకు మేలనుకొని 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపినచో నీరు 6.7 లీటర్లగును, ఉపరితలము మాత్రము 251 చదరపు సెంటీమీటర్లకు తగ్గిపోవును. నీరు ఇంచుమించు రెట్టింపైనది. గాలి ప్రవేశించు ద్వారము సగమునకు దగ్గరైనది. పదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాకారపు తొట్టిలో నీరు ఎంత ఎత్తున్నను ఉపరితలము 1800 చదరపు సెంటీమీటర్లే.

అంగుళము, గాలను

సమతౌల్య సిద్ధాంతము సరిపోనప్పుడు జనులు కొలతల నాశ్రయించిరి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది "గాలను నీటికి ఒక అంగుళపు చేప" అను సూత్రము. ఈ సూత్రము చేప పొడవును మాత్రము చూచును, బరువును చూడదు. ఒకే ఆకారము గల చేపలలో బరువు పొడవు యొక్క ఘనమును బట్టి పెరుగును. అంగుళము పొడవు గల చేపలు పది, పది అంగుళముల చేప ఒకటి - ఈ సూత్రము ప్రకారము రెండును సమానమే. కాని మొదటివాని బరువు పది పాళ్ళయినచో రెండవదాని బరువు వేయి పాళ్ళు. మేతయు మలినమును ఖచ్చితముగా ఆ నిష్పత్తిలో పెరుగకపోయినను, రెండును సమానమనుట మాత్రము పొరపాటు.

చిన్న చేపల విషయములో ఈ సూత్రము అంతగా తప్పదని కొందరనవచ్చును. అది నిజమే. అయినను ఇచటనే దాని పెద్దలోపము బయటపడును. 6.7 లీటర్లనగా ఇంచుమించు ఒకటిన్నర గాలను. కనుక ఆ గోళములో ఒకటిన్నర అంగుళముల చేపను, అనగా ఒక్క జీబ్రా చేపను, పెంచవచ్చునని సూత్రము అనుమతించును. సూత్రము తృప్తి చెందినది. చేప తృప్తి చెందునా?

ఇంతవరకు చెప్పిన కొలతలన్నియు "ఎక్కువలో ఎక్కువ ఎన్ని?" అను ప్రశ్నకే సమాధానము చెప్పును. గుంపుగా జీవించు చేప విషయములో దానికి ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి: "తక్కువలో తక్కువ ఎన్ని?" ఈ ప్రశ్నయే మన పాఠములలో లేదు.

గుంపు అలంకారము కాదు

గుంపుగా నుండుట వేరు, బారు తీరి ఒకే దిక్కునకు ఈదుట వేరు. జీబ్రా చేప సామాన్యముగా గుంపుగా నుండి, బెదరినప్పుడు దగ్గరపడి బారు తీరును. గుంపులోనున్న చేపకు లాభములు పెక్కు. శత్రువును చూచుటకు కన్నులు ఎక్కువ. ఒక్కొక్క చేప చిక్కు అవకాశము తక్కువ. కదలుచున్న పెక్కు చారల నడుమ ఒకదానిపై గురి నిలుపుట శత్రువునకు కష్టము. మేత వెదకుటలోను గుంపు ఉపయోగపడును. పెద్ద గుంపులలోని చేపలు మేతను త్వరగా కనుగొనునని పిచర్, మాగురన్, విన్‌ఫీల్డ్ అను వారు 1982లో ప్రయోగపూర్వకముగా చూపిరి.

గుంపు కుదురుటకు కన్నుతోపాటు పార్శ్వరేఖయు తోడ్పడును. చేప ప్రక్కల వెంట నుండు ఈ అవయవము నీటి కదలికలను గుర్తించును. కన్నులు మూసిన సముద్రపు చేప సైతము గుంపులో తన చోటు నిలుపుకొనగలదని 1976లో తేలినది. జీబ్రా చేప విషయములో చూపు చాల ముఖ్యము: చిన్నతనమున ఏ రూపము గల చేపల నడుమ పెరిగెనో, పెద్దయిన తరువాత ఆ రూపము గలవానితోనే చేరగోరునని ప్రయోగములు తెల్పినవి. అనగా తోటిచేపలు దాని పరిసరములలో ఒక భాగము, నీరు, మేత, వేడిమి వలెనే.

అట్టి చేపను ఒంటరిగా నుంచిన నేమగును? అది మూల చేరి కదలక నిలుచును, లేక ఒక్కసారిగా ఉలికిపడి అటునిటు దూసికొనిపోవును. రెండింటిని ఉంచినచో ఒకటి పెత్తనము చేసి రెండవదానిని తరుముచుండును. తరుమబడినది దాగుటకును, మేతకు వెరచుటకును అలవాటుపడును. సంఖ్య పెరిగిన కొలది ఈ పోరు పంచబడి పలుచనగును. ఇండ్లలో పెంచు నాలుగు జాతుల చేపలను ఒకటి, రెండు, అయిదు, పది చొప్పున ఉంచి వాని నడవడిని పరిశీలించిన ఫలితములు 2010లో ప్రకటింపబడినవి. వానిలో నియాన్ టెట్రా అను చిన్న గుంపుచేపయు ఉన్నది. జాతిజాతికి భేదములున్నను, మొత్తము మీద పెద్ద గుంపులే వానికి మేలని ఆ పరిశీలన సూచించినది.

ఈ దృష్టితో చూచినప్పుడు, వాడుకలోనున్న మరియొక సలహాయు నిలువదు. క్రొత్త తొట్టిని పరీక్షించుటకు ముందుగా ఒక "గట్టి చేప"ను విడువుమని చెప్పుదురు. ఈ పనికి తరచుగా ఎన్నుకొనబడునది జీబ్రా చేపయే. ఇది ఆ చేపకు రెండు విధముల అపకారము. సూక్ష్మజీవులు పెరుగని నీటిలో విషమునకు గురిచేయుట ఒకటి. ఒంటరిగా గురిచేయుట రెండవది. సహించుట వేరు, సుఖముగా నుండుట వేరు.

యంత్రమును నమ్ముట

సమతౌల్య సిద్ధాంతమును ఖండించినవారు లేకపోలేదు. న్యూయార్కు అక్వేరియమునకు చెందిన జేమ్స్ ఆట్జ్ ఇరువదవ శతాబ్ది మధ్యకాలములోనే అది కట్టుకథయని వ్రాసెను. కాని దానిని విడిచినవారిలో పెక్కుమంది యంత్రమును నమ్ముకొనిరి. వడపోతను, గాలిపంపును అమర్చినచో అన్నియు చక్కబడునను నమ్మకము నేడు బలముగా నున్నది. గాలిపంపు నీటిని కదల్చి వాయువుల రాకపోకలకు సాయపడును, అది మేలే. క్రొత్త వడపోతలోని స్పంజి మాత్రము ఉత్త స్పంజియే. దానిలో జీవులు పెరిగిన తరువాతనే అది నిజమైన వడపోత యగును. శుభ్రత పేరిట దానిని కుళాయినీటిలో కడిగినచో, క్లోరిను ఆ జీవులను చంపివేయును. తొట్టినుండి తీసిన నీటిలో పిండుటయే సరియైన పద్ధతి.

పాఠశాలకు తగిన మార్గము

కనుక తొట్టిని ముందు కొని, అందులో పట్టినన్ని చేపలను వేయుట తలక్రిందుల పని. గుంపును ముందు నిర్ణయించి, దానికి తగిన తొట్టిని ఎన్నుకొనవలెను. జీబ్రా చేపలు ఆరుకు తక్కువ పనికిరావు, ఎనిమిది మేలు. అవి చురుకుగా ఈదునవి గనుక ఎత్తుకంటె పొడవు ముఖ్యము. పైని చెప్పిన 60 సెంటీమీటర్ల తొట్టిలో 25 సెంటీమీటర్ల ఎత్తున నీరు పోసిన 45 లీటర్లగును, ఇది చాలును. ఎగిరి పడు చేపలు గనుక మూత ఉండవలెను. నీటివేడిమి 24 నుండి 28 డిగ్రీలు అనుకూలము. తొట్టిని ఎండ నేరుగా పడు కిటికీ ప్రక్కన ఉంచరాదు.

మొదటి ఆరు వారములు చేపలు లేకయే తొట్టిని నడుపవలెను. దినమునకు చిటికెడు మేత వేసిన అది కుళ్ళి అమ్మోనియా పుట్టును. అంగడిలో దొరకు పరీక్షాసామగ్రితో అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటులను విద్యార్థులు రెండు దినముల కొకసారి కొలచి రేఖాపటము గీయవచ్చును. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైటు పెరిగి తగ్గును. చివరకు నైట్రేటు మిగులును. మొదటి రెండును కనబడనప్పుడు కొంత నీరు మార్చి, గుంపునంతటిని ఒకేసారి విడువవచ్చును. తరువాతను కొన్ని వారములు కొలతలు మానరాదు. కుళాయినీటిలోని క్లోరినును ప్రయోగశాలలో నుండు హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, విరుచును. రెండు నిమిషములలో తినివేయునంత మేతయే వేయవలెను. వారమునకు నాలుగవ వంతు నీటిని మార్చుట మంచిది.

ఇంతటి ఏర్పాటు అన్ని పాఠశాలలకును సాధ్యము కాదనవచ్చును. అది వాస్తవమే. అట్టిచోట గుంపుచేపను తేకుండుటయే మేలు. ఒక గాజుపాత్రలో ఇసుక, చెరువుమొక్క, నత్తలు, నీటిపురుగులు ఉంచి, ఆ నీటిని కొలచుచు, రేఖాపటము గీసిన విద్యార్థి, చచ్చిన చేపను చూచిన విద్యార్థికంటె ప్రకృతిని గూర్చి ఎక్కువ నేర్చుకొనును.

వారింగ్టన్ పాత్రలో చేప, మొక్క, నత్త, బురద కలిసియుండెను. ఆయనకు తెలియని జీవులు ఆ బురదలో పనిచేయుచుండెను. వానిని తీసివేసి రెండు వాయువులను మాత్రము మిగిల్చిన పాఠము సులభమైనదే గాని సత్యము కాదు. తరువాత చేప చచ్చినప్పుడు దోషమును ఎండమీదను, పిల్లలమీదను మోపుటకు ముందు ఉపాధ్యాయుడు నీటిని కొలచి చూడవలెను. ఆ చేపకు తోడుగా నున్న చేపలు ఎన్నియో కూడ లెక్కించి చూడవలెను.